మందకు కావలికుక్క: ఎంపిక, పోషణ

ఫ్రాన్సు దేశమున “బ్రాక్” అను వేటకుక్కల జాతులు కలవు. పొట్టి వెండ్రుకలు, వ్రేలాడు చెవులు, చురుకైన ముక్కు వీని లక్షణములు. పొదలో దాగిన పిట్ట వాసన గాలిలో తగులగనే ఈ కుక్క మీదికి దూకదు. తరచు ఒక ముందుకాలు పైకెత్తి, మూతి ఆ వైపునకు చాచి, కొయ్యబారినట్లు నిలిచిపోవును. వేటగాడు వచ్చువరకు కదలదు. ఇది కొంత పుట్టుకతో వచ్చిన గుణము, కొంత శిక్షణ.

ఇట్టి కుక్కను మన మంగంపేట ప్రాంతమున పెంచదలచువారు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి పక్షుల, జంతువుల వేటను నిషేధించినది. పైగా 1900 తరువాత కనబడక పోయిన కలివికోడి మరల 1986లో కనబడినది మన కడప సీమ పొదలలోనే. దాని రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. నేలమీద గ్రుడ్లు పెట్టు ఇట్టి పక్షులకు విచ్చలవిడిగా తిరుగు కుక్క ఏదైనను శత్రువే. రెండవది, బ్రాక్ కుక్క చల్లని దేశమున గంటల తరబడి పరుగెత్తుటకు పెంచబడినది. మన వేసవి ఎండలో దానిని పరుగెత్తించిన వడదెబ్బ తప్పదు.

ముగ్గురాయి గనుల చుట్టుపట్ల, కోడూరు తోటల అంచున, కొండ వారల మంద మేపు రైతునకు కావలసినది పిట్టను చూపు కుక్క కాదు. రాత్రి దొడ్డి చెంత మెలకువగ నుండు కుక్క. ఇందుకు మన నాటు కుక్కయే తగినది.

ఎంపిక

మందలో పనిచేయు తల్లికి పుట్టిన పిల్లను ఎన్నుకొనుడు. ఎనిమిది వారములు నిండక మునుపు తల్లినుండి వేరు చేయరాదు. కండ్లు తేటగా, ఒళ్ళు నున్నగా, నడక సూటిగా ఉండవలెను. మనిషిని చూచి మూల దాగునది గాని, ఊరక కరవవచ్చునది గాని పనికిరాదు. తెచ్చిన నాటినుండి దొడ్డి ప్రక్కనే, గొఱ్ఱెల వాసన తెలియునట్లు పెంచవలెను. గొఱ్ఱెపిల్లలను తరుముట ఆటగా మొదలైనను వెంటనే మాన్పించవలెను. పిల్లలు అక్కరలేనిచో గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించుట మేలు; ఊరిమీద తిరుగుట తగ్గును.

మేత, నీరు

సంగటి, మజ్జిగ మాత్రమే పెట్టిన కుక్క బక్కచిక్కును. ఉడికించిన గ్రుడ్డు, చేప, మాంసము, పప్పులలో ఏదో ఒకటి చేర్చవలెను. బూజుపట్టిన వేరుసెనగ పిండి పెట్టరాదు. దాని విషము కాలేయమును చెడగొట్టును. కుక్కకు మనవలె ఒళ్ళంతయు చెమట పోయదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది వేడిని వెళ్ళగ్రక్కును. కనుక నీడలో తొట్టినిండ నీరుండవలెను. వడదెబ్బ తగిలినచో ఒళ్ళు తడిపి, గాలి తగులనిచ్చి, పశువైద్యుని కడకు చేర్చవలెను.

గొఱ్ఱె తల పడవేయకుడు

చచ్చిన గొఱ్ఱె తలను, కోసిన గొఱ్ఱె కాలేయ ఊపిరితిత్తులను కుక్కకు పచ్చిగా వేయుట మన పల్లెల అలవాటు. ఇదియే మందకు చేటు. గొఱ్ఱె మెదడులోని నీటితిత్తిని తిన్న కుక్క ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో బీడులో పడును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱె మెదడులో తిత్తి ఏర్పడి, అది ఒకే ప్రక్కకు గిరగిర తిరిగి చచ్చును. కాలేయ ఊపిరితిత్తులలోని తిత్తులనుండి వచ్చు వేరొక బద్దెపురుగు గ్రుడ్లు చేతులకంటి మనిషికిని సోకును. కనుక అట్టి భాగములను లోతుగా పాతిపెట్టవలెను. పశువైద్యుని సలహాపై మూడు మాసములకొకసారి కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించవలెను. కుక్కను ముట్టిన చేతులు సబ్బుతో కడుగక అన్నము తినరాదు.

చెవులలో, వేళ్ళ సందున గోమారులను వారమువారము వెదకి తీయవలెను. వానిని వ్రేళ్ళతో నలుపరాదు. గోమారులవలన కుక్కకు రక్తహీనత, జ్వరములు కలుగును.

పిచ్చికుక్క వ్యాధి

ఇది సోకి లక్షణములు పొడసూపిన పిమ్మట మనిషికి గాని కుక్కకు గాని బ్రతుకు దాదాపు లేదు. అయినను టీకాతో పూర్తిగా ఆపదగిన వ్యాధి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న పారిసులో ఒక బాలునికి మొదటి టీకా వేసి రక్షించెను. అందుకే జూలై 6వ తేదీని పశుజన్య వ్యాధుల దినముగా పాటింతురు. కుక్కకు మూడవ మాసమున మొదటి టీకా, పశువైద్యుడు చెప్పిన గడువున బలపరచు టీకా, పిదప ఏటేట ఒకటి వేయించవలెను.

కుక్క కరచినచో పసుపు, సున్నము, కారము, ఆకుపసరు పూయకుడు. ధారగా నీరు పోయుచు సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుడు. ఆనాడే ఆసుపత్రికి పొండు. బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులను భయము వలదు; ఆ పాత మందు వాడుక మన దేశమున పోయినది. ఇపుడు భుజమునకు కొద్ది సూదులే. గాయము లోతైనచో గాయము చుట్టును మరియొక మందు ఎక్కింతురు. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు తప్పరాదు.

టీకా వేయించిన కుక్క మందకు కావలి. వేయించనిది ఇంటికే ముప్పు. మీ కుక్కకు టీకా ఎన్నడు వేయించితిరో గుర్తులేనిచో, ఈ వారమే సమీప పశువైద్యశాలకు తోడ్కొని పొండు.