దంతరక్షణ: పాలపళ్ళ నుండి కట్టుడుపళ్ళ వరకు

విరిగిన ఎముక అతుకుకొంటుంది. తెగిన చర్మం మానుతుంది. కాని పంటికి ఒకసారి పడిన గుంట తనంతట తాను పూడదు. పంటిని కప్పి ఉండే పింగాణి పొర మన శరీరంలోని పదార్థాలన్నింటికంటె గట్టిదే అయినను, అందులో జీవకణాలు లేవు. కనుక గుంట పడిన తరువాత దానిని తిరిగి నిర్మించుకొనే శక్తి దానికి లేదు. పంటి విషయంలో చికిత్సకంటె ముందుచూపు మేలని వైద్యులు పదే పదే చెప్పుటకు మూలకారణం ఇదే.

మన విద్యార్థులలో రెండు రోజులు జ్వరం వచ్చినచో వైద్యుని చూడనివారు అరుదు. పంటినొప్పి సంగతి వేరు. లవంగం నమలుట, ఉప్పునీరు పుక్కిలించుట, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న బిళ్ళ వేసికొనుట, ఇంతటితో సరి. నొప్పి తగ్గినదంటే జబ్బు పోయినదని భావిస్తాము. గత సంవత్సరం పరీక్షల దినాలలో కొల్లేటి లంక గ్రామం నుండి వచ్చే మా విద్యార్థి ఒకడు దవడ కింద వాపుతో, నోరు తెరువలేక, గుటక వేయలేక తరగతికి వచ్చినాడు. రెండు నెలలుగా ఒక దంతం పోటు పెడుతూనే ఉన్నదట. ఏలూరు తీసికొనిపోగా అక్కడి వైద్యులు చీము తీసి, ఆ పన్నును తొలగించినారు. పంటి మూలంలోని చీము దవడ క్రిందికి, అక్కడినుండి గొంతువైపు దిగినచో ఊపిరికే అడ్డమగునని వారు చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు. రెండు పరీక్షలు వాడు వ్రాయలేకపోయినాడు. పంటినొప్పి ఇంతదూరం పోగలదని మేమును ఎరుగము. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ సంఘటనయే.

మన పల్లెలలో పాడైన పంటిని పిప్పిపన్ను అనియు, పురుగుపన్ను అనియు అంటారు. పంటిలో నిజంగానే ఒక పురుగు చేరి తొలుస్తున్నదన్న నమ్మకం ఈనాటిది కాదు, మన దేశానికే పరిమితమైనదీ కాదు. వాకుడు గింజల పొగ పట్టి పురుగును రాల్చెదమని తిరిగే సంచార వైద్యులను మా చిన్ననాట మేము కన్నులారా చూచినాము. వారు చూపే పురుగు రోగి పంటిలోనిది కాదని, వారి చేతివాటంలోనిదని అప్పట్లో మాకు తెలియదు. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో ప్రచురించిన గ్రంథంలోనే ఈ పురుగు వాదాన్ని తిరస్కరించినాడు. అంతకు పూర్వమే, 1683లో, హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన పళ్ళ నుండి గీచి తీసిన పాచిని సూక్ష్మదర్శినిలో చూచి అందులో కదలాడే సూక్ష్మజీవులను వర్ణించినాడు. ఈ రెంటినీ కలిపి అసలు సంగతి తేల్చినవాడు మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు. నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని, పిండిపదార్థాన్ని పులియబెట్టి ఆమ్లంగా మార్చుననియు, ఆ ఆమ్లమే పంటిని కరిగించుననియు 1890లో ఆయన వివరించినాడు. పురుగు ఉన్నమాట నిజమే, కాని అది కంటికి కనబడేది కాదు, పొగకు రాలేది అంతకన్నా కాదు.

తీపి తిన్న కొద్ది నిమిషాలకే పంటిపై ఆమ్లం పెరుగుతుంది. దానిని లాలాజలం కడిగి, చల్లార్చి, పూర్వస్థితికి తెచ్చుటకు ఇంచుమించు అరగంట నుండి గంట పడుతుంది. ఈ లోపల మరల తీపి తగిలినచో ఆమ్లం మరల పెరుగుతుంది. కనుక ఎంత తిన్నామన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ముఖ్యం. స్వీడన్‌లోని విపెహోమ్ అనుచోట జరిపిన పరిశోధన 1954లో వెలువడినప్పుడు ఈ విషయం స్పష్టమైనది. భోజనంతోపాటు తిన్న చక్కెర అంతగా చేటు చేయలేదు. భోజనాల నడుమ పలుమార్లు తిన్న జిగురు మిఠాయిలు పళ్ళను నాశనం చేసినవి. (మానసిక చికిత్సాలయంలోని రోగులకు మిఠాయిలు పెట్టి చేసిన ఆ పరిశోధన నీతిదృష్ట్యా సమర్థనీయం కాదు. దాని ఫలితాన్ని మాత్రం లోకమంతా వాడుకొంటున్నది.) పండుగనాడు విస్తరిలో పూతరేకులు తిని నోరు పుక్కిలించిన తాతగారికంటె, ఉదయం నుండి సాయంకాలం వరకు చక్కెర టీ ఆరుసార్లు త్రాగి, నడుమ నడుమ బిస్కట్టు కొరికే మన విద్యార్థియే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. జీళ్ళు, మామిడి తాండ్ర వంటివి పంటిని అంటుకొని విడువవు గనుక మరింత చేటు.

ఇక వయస్సుల మాట. బిడ్డకు సుమారు ఆరవ నెలలో మొదటి పన్ను వస్తుంది. మూడేండ్లు నిండునాటికి ఇరువది పాలపళ్ళు పూర్తి అగును. “ఎటులైనను ఊడిపోయేవేగదా” అని వానిని ఉపేక్షించుట మన ఇండ్లలో పరిపాటి. చక్కెర కలిపిన పాలసీసా నోటిలో ఉంచి బిడ్డను నిద్రపుచ్చుట మరొక అలవాటు. నిద్రలో లాలాజలం ఊరుట తగ్గుతుంది. తీపిపాలు రాత్రంతా పళ్ళపై నిలుస్తవి. అందువలననే రెండు మూడేండ్ల పిల్లలకు ముందుపళ్ళు నల్లబడి మొదళ్ళవరకు అరిగిపోవుట చూస్తున్నాము. పాలపన్ను ముందుగా పోయినచో ప్రక్కపళ్ళు ఆ ఖాళీలోనికి ఒరిగి, రావలసిన పంటికి త్రోవ లేకుండా చేస్తవి. మొదటి పన్ను కనబడిననాడే తోమడం ఆరంభించవలెను. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత పేస్టు, ఆపైన ఆరేండ్లవరకు బఠాణీగింజంత పేస్టు చాలును. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు తల్లిదండ్రులలో ఒకరు దగ్గర నిలిచి తోమించుట అవసరం.

అన్నింటికంటె ముఖ్యమైనదియు, తల్లిదండ్రులలో అనేకులు ఎరుగనిదియు ఆరవ ఏటి దంతం. ఆ వయస్సులో పాలపళ్ళ వరుసకు వెనుక, దవడకు ఇరుప్రక్కల, పైన రెండు, క్రింద రెండు పెద్ద దంతాలు వస్తవి. వానికోసం ఏ పాలపన్నూ ఊడదు. అందువలన అవియు పాలపళ్ళే కాబోలునని పెద్దలు భ్రమపడతారు. నిజానికి అవి జీవితాంతం ఉండవలసిన పళ్ళు. నమలడంలో ప్రధానభారం వహించేవి అవే. వాని పైభాగంలోని లోతైన గాడులలో ఆహారం చిక్కుకొనుటచే మొట్టమొదట పిప్పిపట్టేవి కూడ అవే. మాకు పదవ ఏట క్రిందిదవడలో అట్టి దంతం నొప్పిపెట్టగా, “పాలపన్నే, మరల వస్తుంది” అని మా పెద్దలు తీయించినారు. అది మరల రాలేదు. ఇరువది ఏండ్లకు పైబడి మేము ఒకవైపుననే నములుతున్నాము. దాని ప్రక్కపన్ను వంగినది. దాని పైనున్న పన్ను ఎదురు లేక క్రిందికి దిగినది. ఆనాడు మావారికి ఈ ఒక్క ముక్క చెప్పేవారు లేకపోయినారు.

పదునేడు, పదునెనిమిదేండ్లు వచ్చునాటికి జ్ఞానదంతాలు తప్ప తక్కినవన్నీ వచ్చి ఉంటవి. మన కళాశాల విద్యార్థులు ఈ వయస్సువారే. నిజం చెప్పవలెనంటే ఈ వయస్సువారికి మా భయం పిప్పిపళ్ళ గురించి కాదు, పొగాకు గురించి. మన జిల్లాలోని జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టలలో పొగాకు ముఖ్యమైన పంట. చుట్ట మన గోదావరి సీమకు కొత్తది కాదు. ఉత్తర కోస్తాలో నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో విశేషంగా ఉండేది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్ మన దేశపు పరిశోధకులతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించినాడు. వారిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగేవారే. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారి, పుండుపడి, కొందరికి క్యాన్సరుగా మారుతుంది. ఈనాటి యువకుడు చుట్ట ముట్టడు గాని, గుట్కా పొట్లం చించుటకు వెనుదీయడు. అందులోని వక్క ఒక్కటే క్యాన్సరు కలిగింపగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించినది. వక్క వలన బుగ్గల లోపలి పొర నారవలె బిగిసిపోయి, నోరు క్రమంగా తెరువరాకుండా పోతుంది. నిలువుగా మూడు వ్రేళ్ళు నోటిలోనికి పట్టనివారు ఎవరైనా ఉంటే జాగు చేయక దంతవైద్యుని చూడవలెను. అట్లే రెండు వారాలు దాటినను మానని పుండును, తెల్లని లేక ఎర్రని మచ్చను ఉపేక్షించరాదు. పంటినొప్పికి మందని నస్యం పళ్ళకు రుద్దుకొనే అలవాటు మన స్త్రీలలో కొందరికి కలదు. అదియు పొగాకే. పళ్ళపొడులలో, పేస్టులలో పొగాకు కలుపుటను ప్రభుత్వం 1992లోనే నిషేధించినది.

గర్భిణీ స్త్రీలకు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుట సాధారణం. హార్మోనుల మార్పు దానికి కారణం. “కాన్పుకు ఒక పన్ను” అన్నట్లుగా, బిడ్డ ఎముకలకోసం తల్లి పళ్ళలోని సున్నం తరుగునన్నది అపోహ. రక్తం వచ్చుచున్నదని తోముట మానినచో పాచి పేరుకొని జబ్బు ముదురుతుంది. పై దవడ పన్ను తీయించినచో చూపు మందగించునన్నది మరొక అపోహ. పంటి నరం వేరు, చూపునకు సంబంధించిన నరం వేరు.

నడివయస్సులో పళ్ళు పోవుటకు పిప్పికంటె చిగుళ్ళ జబ్బే తరచు కారణం. పాచి గట్టిపడి గారగా మారి, చిగురు క్రిందికి దిగి, పంటిని పట్టియుంచే ఎముకను హరిస్తుంది. నొప్పి ఉండదు గనుక పన్ను కదిలినప్పుడు గాని తెలియదు. గార బ్రష్షుతో పోదు, వైద్యుడే తీయవలెను. తీయించినందువలన పళ్ళు వదులగునని భయపడేవారున్నారు. వదులు ముందే ఏర్పడినది, గార దానిని కప్పిపెట్టినది, అంతే. మధుమేహం ఉన్నవారికి ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు వలన రక్తంలోని చక్కెర అదుపు తప్పుతుంది కూడ. ఒకటి రెండవదానిని పెంచుతుంది. మన ఇండ్లలో మధుమేహం లేని ఇల్లు వెదకవలసిన ఈ రోజులలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసివచ్చినది.

ముసలితనంలో పళ్ళు ఊడుట ప్రకృతి ధర్మమని అందరు భావిస్తారు. కాదు, అది జబ్బుల ఫలితం. కాకపోతే ఆ వయస్సులో చిగురు దిగి పంటివేరు బయటపడుతుంది. రక్తపోటు మొదలైనవానికి వాడే కొన్ని మందుల వలన నోరు ఎండుతుంది. కట్టుడుపళ్ళవారు వానిని రాత్రి తీసి, తోమి, నీటిలో ఉంచవలెను. పెట్టుకొనే నిద్రించుట చిగుళ్ళకు మంచిది కాదు.

తోమే సాధనం ఏదైనను ఫరవాలేదా అని అడిగేవారున్నారు. వేపపుల్ల, కానుగపుల్ల మన పెద్దలకు చక్కగా పనిచేసినవి. ప్రార్థనకు ముందు మిస్వాకు చేయుట ముస్లింలకు ప్రవక్త నేర్పిన ఆచారం. మిస్వాకు పీలుచెట్టు వేరు లేక కొమ్మ. రోజుకు పలుమార్లు నోరు శుభ్రపడుట అందులోని గొప్ప లాభం. పుల్లతో తోమేవారు కొసను బాగుగా నమిలి మెత్తబరచి, చిగురునుండి పంటికొసవైపు తోమవలెను, అడ్డంగా రాపాడరాదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు మాత్రం పింగాణి పొరను అరగదీస్తవి. పుల్లకు లేని ఒక గుణం ఫ్లోరైడు పేస్టుకు కలదు. గుంట పడకముందు, పంటిపై తెల్లమచ్చగా ఉన్న దశలో, ఫ్లోరైడు లాలాజలంలోని సున్నంతో కలిసి ఆ మచ్చను తిరిగి గట్టిపరుస్తుంది. తోమిన తరువాత ఉమ్మివేయవలెను గాని, నీటితో పలుమార్లు పుక్కిలించినచో ఆ ఫ్లోరైడు పోతుంది. మూడు నెలలకొకమారు బ్రష్షు మార్చవలెను. ఉదయంకంటె రాత్రి తోమడం ముఖ్యం. మన ఇండ్లలో జరగనిదీ అదే.

ఫ్లోరైడు త్రాగునీటిలో మితిమీరినచో మరొక విపత్తు. మన దేశంలో ఈ జబ్బును 1937లో నాటి నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు గుర్తించినారు. నల్లగొండ ప్రజలు అనుభవించిన బాధ అందరికి తెలిసినదే. ఎనిమిదేండ్లలోపు పిల్లలు అట్టి నీరు త్రాగినచో పళ్ళు సుద్దవలె తెల్లబారి, పసుపు, గోధుమరంగు చారలు పడతవి. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది, మరొక ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతింపబడినది. కొత్తగా బోరు వేసిన ఊరివారు నీటిని పరీక్ష చేయించుకొనుట ఖర్చుతో కూడిన పని కాదు.

ఏలూరు సమీపంలోని దుగ్గిరాలలో దంతవైద్య కళాశాల ఉన్నది. దెందులూరు నుండి ఒక పూటలో పోయి రావచ్చును. నొప్పి లేనప్పుడే పోవుట ఉత్తమం. పూడ్చుటతో సరిపోయే పంటికి నొప్పి వచ్చువరకు ఆగినచో వేరుచికిత్స, ఇంకను ఆగినచో తీసివేత, ఖర్చు అంతకంతకు పెరుగుతుంది. మేము చెప్పిన విద్యార్థి ఆ రెండు పరీక్షలు తరువాత వ్రాసి ఉత్తీర్ణుడైనాడు. మొన్న అక్కడికే, ఏడేండ్ల తన తమ్ముని వెంటబెట్టుకొని, ఆ బాలుని ఆరవ ఏటి దంతాలు చూపించుటకు పోయివచ్చినాడు.