కొట్టే చెయ్యి ఏమడుగుతోంది? వైకల్యం, ప్రవర్తన: అపోహలు – వాస్తవాలు

మేధో వైకల్యమో ఆటిజమో ఉన్న పిల్లల ఇళ్లలో కొన్ని మాటలు తరచూ వినబడతాయి. ‘ఉన్నట్టుండి మీదపడి రక్కేస్తాడు.’ ‘తల గోడకేసి కొట్టుకుంటుంది.’ ‘పెళ్లిళ్లకు తీసుకెళ్లడమే మానేశాం.’ ఆ వెంటనే చుట్టాల సలహాలు మొదలవుతాయి. దిష్టి తీయించమనేవారొకరు, రెండు తగిలించమనేవారొకరు, మత్తుగా పడుకోవడానికి ఏదైనా మాత్ర రాయించమనేవారొకరు.

వీటన్నిటికీ భిన్నమైన దారి ఒకటి 1980ల నుంచి రూపుకట్టింది. దాన్ని పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్ అంటారు. మనం సానుకూల ప్రవర్తన తోడ్పాటు అనుకోవచ్చు. దాని సారం చెప్పడం తేలికే. మనకు ఇబ్బందిగా కనబడే ప్రవర్తన ఆ మనిషికి ఏదో ఒక పని చేసిపెడుతోంది. ఆ పనేమిటో కనిపెట్టాలి. అదే పని ఎవరికీ దెబ్బ తగలకుండా జరిగే దారి నేర్పాలి. అసలు ఆ అవసరమే రాకుండా ఇంట్లో, బడిలో ఏర్పాట్లు మార్చాలి. ఆచరణలోకి వచ్చేసరికి అడ్డుపడేవి మన నమ్మకాలే.

అపోహ 1: కారణమేమీ లేకుండానే రెచ్చిపోతారు

వాస్తవం: కారణం ఉంటుంది, మన కంటపడదంతే. అమెరికాలో బ్రయన్ ఇవాటా బృందం, తమను తాము గాయపరచుకునేవారిని వేర్వేరు పరిస్థితుల్లో గమనించి 1982లో ఫలితాలు ప్రచురించింది. కొందరు కష్టమైన పని చెప్పినప్పుడు ఎక్కువగా కొట్టుకున్నారు, కొందరు ఒంటరిగా ఉన్నప్పుడు. పైకి ఒకేలా కనిపించే ప్రవర్తనకు మనిషికో కారణం తేలింది.

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ ఇంకో అడుగు వేశారు. పాఠం కష్టమై గొడవ చేసే పిల్లలకు, అర్థం కాలేదని చెప్పడం నేర్పారు. పెద్దల దృష్టి కోసం గొడవ చేసేవారికి, బాగా చేస్తున్నానా అని అడగడం నేర్పారు. గొడవ బాగా తగ్గింది. తమ అవసరానికి సంబంధంలేని మాట నేర్పినప్పుడు మాత్రం తగ్గలేదు. అంటే ఏదో ఒక మాట నేర్పితే చాలదు, అవసరానికి అతికే మాటే కావాలి.

ఇంట్లో ఈ పరిశోధన చేయడానికి ఒక నోటుపుస్తకం చాలు. మూడు గళ్లు గీయాలి: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనమేం చేశాం. మాటలు రాని పన్నెండేళ్ల అబ్బాయిని ఊహించుకోండి. సాయంత్రమైతే చాలు, చెయ్యి కొరుక్కుంటాడని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. వాళ్ల పుస్తకంలో ఇలా ఉంటుంది. ‘సాయంత్రం 6:40. కుక్కర్ విజిల్. కొరుక్కున్నాడు. నాన్న మేడ మీదికి తీసుకెళ్లారు.’ ‘ఉదయం 8. మిక్సీలో చట్నీ. కొరుక్కున్నాడు. అక్క మేడ మీదికి తీసుకెళ్లింది.’ ‘ఆదివారం. బయటి నుంచి బిర్యానీ తెప్పించాం. సాయంత్రం ఏ గొడవా లేదు.’

ఇక్కడ గొడవకూ సాయంత్రానికీ సంబంధం లేదు. చెవులు భరించలేని చప్పుడుంది, కొరుక్కుంటే ఆ చప్పుడు నుంచి తప్పించుకోవచ్చన్న అనుభవం ఉంది. కుక్కర్ పెట్టేముందు వాడికి చెప్పడం, చెవులకు హెడ్‌ఫోన్ ఇవ్వడం, మేడ బొమ్మ ఉన్న కార్డు చేతికిచ్చి, అది చూపించగానే ఆలస్యం చేయకుండా పైకి తీసుకెళ్లడం. ప్రణాళిక అంటే ఇంతే. కార్డు చూపించినా ‘ఉండరా, వస్తున్నా’ అంటూ పది నిమిషాలు గడిపితే మాత్రం వాడు మళ్లీ చెయ్యే కొరుక్కుంటాడు. అప్పుడు తప్పు కార్డుది కాదు.

అపోహ 2: ఒంట్లో బాగానే ఉంది, ఇదంతా మొండితనం

వాస్తవం: నొప్పి ఉందని చెప్పలేనివాళ్లకు నొప్పి ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. పుచ్చిన పన్ను, చెవిలో చీము, మలబద్ధకం, గొంతులోకి ఎగదన్నే పులితేన్పులు, నెలసరి నొప్పి, నిద్రలేమి, మూర్ఛ మందుల దుష్ప్రభావం... వీటిలో ఏదైనా తల బాదుకోవడంగా, రక్కడంగా బయటపడవచ్చు. కార్నేలియా డి లాంగె సిండ్రోమ్ ఉన్నవారిలో కడుపులోని ఆమ్లం పైకి తన్నే సమస్య ఎక్కువ. వారు తమను తాము గాయపరచుకోవడానికి ఆ బాధ ఒక కారణమని వైద్యులు గుర్తించారు.

కొత్తగా మొదలైన ప్రవర్తనైనా, ఉన్నది హఠాత్తుగా ముదిరినా ముందు డాక్టరుకు, పళ్ల డాక్టరుకు చూపించాలి. ‘ఆటిజం కదా, అలాగే ఉంటుంది’ అని అక్కడ తేల్చేస్తే, పరీక్ష చేసి చూడమని అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ 3: దెబ్బకు దెయ్యమైనా దిగుతుంది

వాస్తవం: దెబ్బ ఆ క్షణానికి ఆపుతుంది. అందుకే కొట్టినవారికి అది పనిచేసిందనిపిస్తుంది. కానీ కుక్కర్ చప్పుడు అలాగే ఉంది, దాన్ని తప్పించుకునే కొత్త దారి ఏదీ దెబ్బ నేర్పలేదు. అది నేర్పేది ఒక్కటే: బలమున్నవాడు కొట్టవచ్చని. పదేళ్లు తిరిగేసరికి ఆ పిల్లాడికే తండ్రిని మించిన బలం వస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ‘ఒక పూట మాడిస్తే దారికొస్తాడు’ అనే హాస్టళ్లవారు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ చదవాలి. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసీ తిండో నీళ్లో ఇవ్వకపోవడం నేరం. ఆరు నెలలకు తగ్గకుండా, అయిదేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఇక కట్టేయడం సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో కదల్లేక 28 మంది కాలిపోయారు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ చెబుతోంది.

నిర్బంధమంటే గొలుసులే కాదు. ఆస్ట్రేలియాలో 2018 నాటి నిబంధనలు నిర్బంధాన్ని అయిదు రకాలుగా లెక్కగట్టాయి. ఒంటరిగా గదిలో ఉంచడం, మందులతో అణచడం, పట్టీలూ బెల్టులతో కట్టడం, చేతులతో అదిమిపట్టడం, వస్తువులూ చోట్లూ అందకుండా చేయడం. ఫ్రిజ్‌కు తాళం వేసినా ఈ ఆఖరి దానికిందికే వస్తుంది.

రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లాణ్ని పట్టుకుని ఆపడం తప్పుకాదు, ప్రాణం కాపాడటమే. రోజూ అదే చేయాల్సి వస్తోందంటే ప్రణాళికలో లోపమున్నట్టు. తోడెవరూ లేక, కూలికి వెళ్తూ బిడ్డను గదిలో పెట్టి గొళ్లెం వేసే తల్లులూ ఉన్నారు. వారికి నీతులు చెప్పి ప్రయోజనం లేదు. పగటిపూట చూసుకునే కేంద్రం, రెండు గంటలు కూర్చునే మనిషి దొరకాలి. సంరక్షకులకు ఊపిరి తీసుకునే వీలు కల్పించడం కూడా ఈ తోడ్పాటులో భాగమే.

అపోహ 4: ఇదంతా గారాబం, లంచమిచ్చి పని చేయించుకోవడం

వాస్తవం: హోటల్లో పాప కిందపడి దొర్లుతుంటే చేతిలో ఫోన్ పెడతాం చూడండి, అదీ లంచం. ‘దొర్లితే ఫోన్ వస్తుంది’ అని మనమే నేర్పుతున్నాం. ఫోన్ కావాలని సైగతోనో కార్డుతోనో అడగడం నేర్పి, అలా అడిగినప్పుడు మెచ్చుకుని కాసేపు ఇస్తే అది బోధన.

‘కుదరదు’ అనే మాటకు ఇందులో చోటుంది. అయితే ఆ మాట మీద ఇంటిల్లిపాదీ నిలబడాలి. ఏడిస్తే వచ్చేది ఉన్నట్టుండి రావడం మానేస్తే ఏడుపు కొన్నాళ్లు పెరుగుతుంది, ఇది ముందే తెలిసిన సంగతి. ఆ పెరిగిన రోజునే నాన్నమ్మ జాలిపడి ఇచ్చేస్తే, గట్టిగా ఏడిస్తేనే పని జరుగుతుందన్న కొత్త పాఠం అబ్బుతుంది. అందుకే ప్రణాళిక రాసేటప్పుడు నాన్నమ్మ కూడా కూర్చోవాలి.

అపోహ 5: మాత్ర వేస్తే సరి

వాస్తవం: పీటర్ టైరర్ బృందం 2008లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. దూకుడుగా ప్రవర్తించే, మేధో వైకల్యమున్న 86 మంది పెద్దలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు రిస్పెరిడోన్, ఒక గుంపుకు హాలోపెరిడాల్, ఒక గుంపుకు మందేమీలేని ఉత్తమాత్ర ఇచ్చారు. నాలుగు వారాల్లో మూడు గుంపుల్లోనూ దూకుడు తగ్గింది. అందరికంటే ఎక్కువ తగ్గింది ఉత్తమాత్ర వేసుకున్నవారిలో.

మందులు దండగని దీనర్థం కాదు. మూర్ఛ, కుంగుబాటు, తీవ్ర ఆందోళన ఉంటే మందే కావాలి. ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్లవారిలో తీవ్రమైన చిరాకుకు రిస్పెరిడోన్ వాడేందుకు అమెరికా 2006లో అనుమతిచ్చింది. దానితో ఆకలి, బరువు పెరగడం మామూలే. ఏ లక్షణానికి ఇస్తున్నారు, ఎన్నాళ్లకు మళ్లీ చూస్తారు అన్నవి అడిగి రాసుకోవాలి. సరైన వైద్య కారణం లేకుండానే రోజూ ఇలాంటి మందులు వాడుతున్నవారు, తమ దేశంలోని మేధో వైకల్యమున్న పెద్దల్లో 30,000 నుంచి 35,000 మంది ఉంటారని 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం అంచనా వేసింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ వాటిని తగ్గించే ఉద్యమం మొదలైంది. అయితే ఎవరూ సొంతంగా, ఒక్కసారిగా మందు ఆపకూడదు.

అపోహ 6: కుదురుగా కూర్చోబెట్టడమే లక్ష్యం

వాస్తవం: చేతులాడించడం, ఊగడం, ఒకే మాట పదిసార్లు అనడం ఎవరికీ హాని చేయకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు. అవి చాలామందికి మనసు కుదుటపరచుకునే సాధనాలు. ప్రవర్తన చికిత్సల పేరుతో తమను ‘మామూలుగా కనిపించేలా’ దిద్దాలని చూశారని ఆటిజం ఉన్న పెద్దలే గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ వినదగ్గది.

చెప్పినదానికల్లా తలూపడం నేర్పితే ఇంకో ప్రమాదం ఉంది. ‘వద్దు’ అనడం రాని ఆడపిల్లను, మగపిల్లాణ్ని వేధించేవాడికి అడ్డేముంటుంది? అందుకే కార్డుల కట్టలో ‘వద్దు’ కార్డు తప్పనిసరి. అది చూపించినప్పుడు వీలైనంత వరకు మన్నించాలి. గొడవలెన్ని తగ్గాయన్నదాంతో పాటు, ఇష్టమైన పనులు పెరిగాయా, బయటికి వెళ్తున్నాడా, స్నేహితులున్నారా అన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ 7: మొక్కై వంగనిది మానై వంగునా

వాస్తవం: చిన్నప్పుడే మొదలుపెడితే మేలే. కానీ ముప్పై ఏళ్ల మనిషి కూడా కార్డు వాడటం, విరామం అడగడం, బస్సెక్కడం నేర్చుకోగలడు. పైగా ఇందులో సగం పని వంచడం కానేకాదు. గది మార్చడం, వేళలు మార్చడం, పని చెప్పే తీరు మార్చడం. వాటికి వయసుతో నిమిత్తం లేదు.

అపోహ 8: ఇది విదేశీ పద్ధతి, మనకు నప్పదు

వాస్తవం: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఈ రంగంలో దశాబ్దాలుగా పనిచేస్తోంది. అప్పట్లో దాన్ని ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడది ఎన్ఐఈపీఐడీ. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అక్కడే 1992లో భారతీయ పిల్లల కోసం బేసిక్-ఎంఆర్ అనే మదింపు పట్టిక తయారుచేశారు. అందులో సమస్య ప్రవర్తనల అంశాలు 75, నైపుణ్యాల అంశాలు 280. పిల్లాడిలో ఏం లోపముందో వెతికే ముందు వాడికేం వచ్చో చూడాలని ఆ అంకెలే చెబుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్షా కింద నడిచే భవిత కేంద్రాల్లోనూ ప్రత్యేక ఉపాధ్యాయులను కలవవచ్చు.

అపోహ 9: సిబ్బందికి ఒక శిక్షణ ఇప్పిస్తే చాలు

వాస్తవం: ఇంగ్లండ్‌లో ఏంజెలా హాసియోటిస్ బృందం దీన్నే పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించింది. పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్‌లో సిబ్బందికి శిక్షణ ఇచ్చిన చోటా, ఇవ్వని చోటా సమస్య ప్రవర్తనల్లో తేడా కనబడలేదు. శిక్షణ పత్రం గోడకెక్కినంత మాత్రాన కుక్కర్ చప్పుడు తగ్గదు కదా. రాసిన ప్రణాళిక రోజూ అమలవుతోందో లేదో చూసే మనిషి, దాన్ని నెలనెలా సరిదిద్దే ఓపిక కావాలి.

ఎవరినైనా ఆశ్రయించే ముందు

కేంద్రానికో థెరపిస్టు దగ్గరికో వెళ్లినప్పుడు అయిదు ప్రశ్నలు అడగండి. మా బిడ్డ ఇలా ఎందుకు చేస్తోందని మీరనుకుంటున్నారు? దేన్ని గమనించి అలా అనుకున్నారు? దానికి బదులుగా ఏం నేర్పబోతున్నారు? ఇంట్లో మేమేం మార్చుకోవాలి? ఫలితం లేకపోతే ఎప్పుడు తిరిగి ఆలోచిస్తారు? సెషన్ జరిగేటప్పుడు తల్లిదండ్రులను చూడనివ్వని చోట పిల్లల్ని వదలకండి. మొదటి ప్రశ్నకే ‘వాడి స్వభావమే అంత’ అన్న జవాబు వస్తే, మిగతా నాలుగూ అడగక్కర్లేదు. ఇంకో చోటు చూసుకోండి.