విద్యుజ్జాలమునకు పరీక్షాశాల

విద్యుచ్ఛక్తిని ఊరూరికి చేర్చు తీగల వల వింతయైన యంత్రము. రైలింజను చెడినచో షెడ్డునకు తోలి బాగుచేయవచ్చును. విద్యుజ్జాలమును ఆపి పరీక్షించుటకు వీలులేదు. మనము ఇంటిలో స్విచ్చి నొక్కిన క్షణముననే ఆ దీపమునకు వలసిన శక్తి ఎక్కడనో ఉత్పత్తి కావలెను. ఒకచోట పుట్టిన చిక్కు ఈ వలలో ఎంతదూరము ప్రాకునో 2012 జూలై 31న మన దేశము చూచినది. ఆనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రములలో సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతమునకు సరఫరా నిలిచిపోయినది.

ఇట్టి జాలమునకు క్రొత్త పరికరములను చేర్చునపుడు, ఆపత్సమయమున అవి ఎట్లు ప్రవర్తించునో ముందుగా తెలియుటెట్లు? ఊరి దీపము లార్పి ప్రయోగము చేయరాదు గదా! ఇందుకొరకే అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, గోల్డెన్ పట్టణమున, 2013లో ఒక పరిశోధనశాల వెలసినది. దానిని నెలకొల్పిన సంస్థకు ఆనాటి పేరు జాతీయ పునరుత్పాదక శక్తి పరిశోధనాలయము.

అచ్చటి పద్ధతి చమత్కారమైనది. పరికరము నిజమైనది; జాలము మాత్రము కల్పితము. ఒక నగరపు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇండ్ల వాడుక అన్నియు లెక్కల రూపమున కంప్యూటరులో నుండును. అది సెకనునకు వేలకొలది మారులు ఆ జాలము స్థితిని గణించి, అప్పటికప్పుడు ఎంత వోల్టేజి ఉండవలెనో నిర్ణయించును. దాని ఆజ్ఞ ననుసరించి వేరొక పెద్దయంత్రము నిజమైన విద్యుత్తునే పరికరమునకు పంపును. పరికర మందుకు ఎట్లు బదులు చెప్పినదో కొలిచి, ఆ కొలతను మరల కంప్యూటరునకు అందింతురు. పాపము, తాను ప్రయోగశాలలో నున్న సంగతి ఆ పరికరమునకు తెలియదు! తీగ తెగుట, వోల్టేజి కుంగుట మొదలగు ఏ ఉపద్రవమునైనను ఇట్లు కల్పింపవచ్చును. ఎవరి యింటను దీప మారదు. అచ్చటి కంప్యూటర్ల వేడిని గూడ వృథా పోనీయక, చలికాలమున భవనమును వెచ్చజేయుటకు వినియోగించిరి. పొదుపనిన ఇట్లుండవలెను.

2024 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వము కోటి యిండ్ల కప్పులపై సౌరఫలకములు అమర్చు పథకము నారంభించినది. కనుక ఆ పరిశోధనశాల హవాయి దీవుల చిక్కును విప్పిన వైనము మనకును వినదగినది.

ఆ దీవులలో విద్యుత్తును చాలవరకు ఓడలలో దిగుమతియైన చమురుతో ఉత్పత్తి చేయుచుండిరి, ధర మిక్కుటము. అందుచే జనులు ఇంటికప్పులపై ఫలకములను విరివిగా పెట్టించుకొనిరి. పగటివేళ కనిష్ఠ వాడుక 100 పాళ్లనుకొనినచో, ఒక్కొక్క తీగమార్గముపై ఫలకముల శక్తి 120 పాళ్లకు మించుట క్షేమము కాదని కంపెనీ తలచినది. 2013 సెప్టెంబరు నుండి ముందుగా అనుమతి లేనిదే కలుపరాదని చెప్పినది. ఫలకములకై సొమ్ము వెచ్చించిన వారును నెలల తరబడి నిరీక్షింపవలసి వచ్చినది.

కంపెనీవారి భయము నిరాధారమని నేననను. కాలువ లాకు తలుపులు ఒక్కసారిగా మూసినచో నీరు ఎగదన్ని గట్టుపైకి పొంగును. అట్లే ఒక వీధి మార్గము ప్రధానజాలము నుండి అకస్మాత్తుగా విడిపోయినచో, ఫలకముల విద్యుత్తుకు దారి లేక వోల్టేజి పెల్లుబుకును. ఫలకములు లేని పొరుగింటివారి రిఫ్రిజిరేటరు కూడ కాలిపోవచ్చును. ఎంత పొంగును, ఎంతసేపు నిలుచును? వాదప్రతివాదములతో తేలు విషయము కాదిది.

ఫలకముల ఏకముఖ విద్యుత్తును ఇండ్లలో వాడు ఏకాంతర విద్యుత్తుగా మార్చు పెట్టెను ఇన్వర్టరందురు. వివిధ కంపెనీల ఇన్వర్టర్లను గోల్డెనునకు తెచ్చి, ఈ ఉపద్రవమును కావలెనని కల్పించి చూచిరి. వోల్టేజి పొంగుట నిజమే. కాని ఆధునికమైన ఇన్వర్టర్లు సెకనులో స్వల్పభాగముననే తమంత తామే విడిపోవుచున్నవని తేలినది. 2015లో కంపెనీ ఆ హద్దును 250 పాళ్లకు పెంచి, నిలిచియున్న దరఖాస్తులను పెక్కింటిని ఆమోదించినది.

అప్పటికే కప్పులపై నున్నవాని మాటేమి? ఆ 2015లోనే ఎన్‌ఫేజ్ అను కంపెనీ హవాయిలోని తన ఇన్వర్టర్లు సుమారు 8 లక్షలలో, నిచ్చెన యెక్కు పనిలేకుండ, ఇంటర్నెట్టు ద్వారా దూరము నుండియే అమరికలను సవరించినది. ఇది మెచ్చదగినదే, కాని దూరము నుండి మిత్రుడు మార్చగలదానిని శత్రువును మార్చగలడు. అదే సంవత్సరము డిసెంబరు 23న ఉక్రెయినులో దుండగులు విద్యుత్ కంపెనీల కంప్యూటర్లలో చొరబడి స్విచ్చులను తెరచి, సుమారు 2 లక్షల 25 వేల వినియోగదారులను కొన్ని గంటలు చీకటిలో నుంచిరి. అందుచే ఇట్టి పరీక్షాశాలలలో నేడు పరికరపు విద్యుత్తును కొలుచువారి ప్రక్కనే, దొంగవలె దాని తాళము విప్ప యత్నించువారు కూడ కూర్చుండుచున్నారు.