స్నానపుగది, మరుగుదొడ్డి మరమ్మతు: పనివారిని కుదుర్చుకొను విధము

ఇల్లు కట్టునపుడు పదిమందిని సలహా అడుగు గృహస్థు, స్నానపుగదిని బాగుచేయించునపుడు ఎవ్వరినీ అడుగడు. దొరికిన మేస్త్రీని పిలిచి, తోచినట్లు చేయుమని పని అప్పగించుట మన గ్రామములలో పరిపాటి. కొత్త పలకలు మెరయుచున్నన్నాళ్లు తృప్తిగానే యుండును. వర్షాకాలము వచ్చి గోడ చెమర్చి, గొట్టము పూడి, మలగుంట పొంగినపుడు గాని అసలు లోపము కంటికి కనుపించు భాగములో లేదనియు, నేలలోను గోడలోను దాగియున్నదనియు తెలియదు. ఈ మరమ్మతులో గుర్తుంచుకొనవలసిన సూత్రము ఒక్కటే: దాగిపోవు పనిని, అది దాగకముందే చూచుకొనవలెను.

2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛ భారత్ మిషను క్రింద, అర్హతగల కుటుంబములకు మరుగుదొడ్డి నిర్మాణమునకై 12,000 రూపాయల ప్రోత్సాహకము ఇయ్యబడినది. ఆ తొలి సంవత్సరములలో కట్టిన దొడ్లు పది సంవత్సరములు దాటినవి. వానిలో కొన్నిటికి ఒకే గుంట కలదు. కావున మరమ్మతు తలపెట్టినవారు పలకల రంగును ఎన్నుకొనుటకు ముందు, తమ దొడ్డి క్రింద ఏమున్నదో విచారింపవలెను.

క్రింద నున్నది గుంటయా, ట్యాంకా?

పల్లెలలో ప్రతి గుంటను సెప్టిక్ ట్యాంకు అని పిలుచుట వాడుక. నిజమైన సెప్టిక్ ట్యాంకు అడుగున, ప్రక్కల నీరు కారని తొట్టి. దాని నుండి వెలువడు నీరు ఇంకుడు గుంటకు పోవలెను గాని వీధి కాలువలోనికి పోరాదు. మలగుంట అట్లు కాదు. దాని గోడలో సందులుండును, అడుగు మట్టిగానే యుండును, నీరు నేలలోనికి ఇంకును.

ఒకే మలగుంట యున్నవారు రెండవదానిని త్రవ్వించుకొనుట ఉత్తమము. రెంటి నడుమ కనీసము 1 మీటరు ఎడముండవలెను. గొట్టము చీలుచోట చిన్న తొట్టి కట్టి, ఒక దారిని మూసి, ఒక గుంటనే వాడవలెను. కుటుంబమునకు తగిన పరిమాణముతో కట్టిన గుంట నిండుటకు సుమారు 3 సంవత్సరములు పట్టును. అది నిండిన పిమ్మట దారిని రెండవ గుంటకు మార్చి, మొదటిదానిని 2 సంవత్సరములు కదలింపక విడిచినచో, అందలి మలము వాసనలేని ఎరువుగా మారును. స్నానపు నీటిని ఈ గుంటలలోనికి విడువక, వేరొక ఇంకుడు గుంటకు మళ్లింపవలెను. త్రాగునీటి బావికి, చేతిపంపునకు గుంట కనీసము 10 మీటర్ల దూరమున నుండవలెను. పగుళ్లుగల రాతినేలలో మురుగు ఇంకను దూరము ప్రయాణించును. అట్టి చోట ఇంజనీరును అడుగక త్రవ్వరాదు.

సలహా ఎక్కడ దొరకును?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థలో ఇంజనీరింగు సహాయకులు నియమింపబడిరి. తెలంగాణలో పంచాయతి కార్యదర్శి ద్వారా మండలములోని ఇంజనీరును కలిసికొనవచ్చును. వారిని కలియునపుడు గది కొలతలు, బావి ఎంత దూరమున నున్నది, వానకాలములో నీరు ఎంత లోతున పడును అను మూడు విషయములు వ్రాసికొని పోయినచో సలహా ఖచ్చితముగా లభించును. 1998లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ, ప్లంబింగు, విద్యుత్తు పనులలో యువకులకు శిక్షణ ఇచ్చినది. మీ ప్రాంతమున అట్టి శిక్షణ పొందినవారు కలరేమో విచారింపుడు. ఎవరినైనను కుదుర్చుకొనుటకు ముందు, వారు రెండు మూడు సంవత్సరముల క్రిందట చేసిన పనిని పోయి చూడుడు. నిన్న చేసిన పని ఎవరిదైనను బాగుగానే కనుపించును.

ఒప్పందము

మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను అను మువ్వురిని పని ఆరంభమునకు ముందే ఒక్కచోట కూర్చుండబెట్టుడు. గోడ పూత ముగిసిన తరువాత ప్లంబరు వచ్చి దానిని పగులగొట్టుట మనము తరచు చూచునదే. మొదట గొట్టములు, తీగల గొట్టములు, తరువాత పూత, ఆపైన పలకలు, కడపట కొళాయిలు అను క్రమమును నిర్ణయింపవలెను.

నేలలోను గోడలోను దాగిపోవు పనిని దినకూలికి, కొలతకు అందు పలకల పనిని గుత్తకు ఇచ్చుట మేలు. గుత్తపనిలో తొందర ఎక్కువ. దాగినచోట తొందర చేటు తెచ్చును. సామాను ఎవరు తేవలెనో, పగులగొట్టిన చెత్తను ఎవరు మోయవలెనో, ఏ దశలో ఎంత సొమ్ము ముట్టునో ఒక కాగితముపై వ్రాసికొని ఇరువురును చేవ్రాలు చేయవలెను. బయానాగా మొత్తము సొమ్ము ఇయ్యరాదు. కొంత భాగమును వారము దినములు వాడిచూచిన పిమ్మట ఇయ్యవలెను. మేస్త్రీ నీతిని శంకించి చేయు పని కాదిది, ఇరువురకును రక్షణ.

కప్పకముందు పరీక్షలు

గోడలోని గొట్టములను నీటితో నింపి, కొనలు బిగించి, ఒక రాత్రి యుంచి చూడుడు. పలకలు పరచుటకు ముందు నేల జాలీని మూసి, గచ్చుపై నీరు నిలిపి 24 గంటలు కనిపెట్టుడు. నీటిమట్టము తగ్గినను, వెలుపలి గోడ చెమర్చినను, అప్పుడే సరిదిద్దుట సులువు. నీరంతయు జాలీవైపునకే పోవునట్లు వాటము ఉన్నదో లేదో ఒక చెంబెడు నీరు పోసి చూడవచ్చును. సిమెంటు పనిని సాధారణ సిమెంటైనచో కనీసము 7 దినములు, పోజొలానా సిమెంటైనచో 10 దినములు తడుపుచుండవలెను. నీళ్లు కాగబెట్టు గీజరు పెట్టదలచినవారు ఎర్తింగు సరిగా నున్నదని ఎలక్ట్రీషియనుచే పరీక్షింపించి గాని దానిని వాడరాదు. వృద్ధులున్న ఇంట గోడకు ఒక పట్టుకడ్డీ, నునుపులేని పలకలు తప్పక వేయింపుడు.

మనుష్యుని లోనికి దింపవలదు

పాత ట్యాంకును బాగుచేయుటలో ప్రాణముతో కూడిన విషయము ఒకటి కలదు. మూతపడియున్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చేరియుండును. అది ఎక్కువైనప్పుడు ముక్కునకు వాసన తెలియకుండ చేయును. దిగినవాడు పలుకకముందే పడిపోవును. వానిని తీయబోయి దిగినవాడును పడిపోవును. తగిన రక్షణ సాధనములు లేకుండ మనుష్యులను సెప్టిక్ ట్యాంకులలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మొదటి నేరమునకు రెండేండ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. కూలివాడు ఒప్పుకొన్నాడన్న సమాధానము చెల్లదు. యంత్రముగల బండిని పిలిపింపుడు. అది వచ్చువరకు పని ఆగినను నష్టము లేదు.

స్నానపుగది ఇంటిలో చిన్న గదియే. అయినను బావి నీరు, పిల్లల ఆరోగ్యము, పనివాని ప్రాణము దానితో ముడిపడియున్నవి. ముందుగా అడిగి, కాగితముపై వ్రాసికొని, కప్పకముందు చూచుకొను గృహస్థుడు ఒకసారి పెట్టిన సొమ్మును మరల పెట్టవలసిన అవసరము రాదు.