పాత కారు కొనుగోలు - పేరు మార్పుతోనే భద్రత

(ప్రత్యేక వ్యాసం)

ఉప్పలగుప్తం: సొంత కారు ఒకప్పుడు పల్లెసీమలలో కొద్దిమంది ఇళ్ళకే పరిమితమై ఉండేది. నేడు కోనసీమలో కొబ్బరి రైతు, రొయ్యల చెరువుల సాగుదారుడు, గల్ఫ్ దేశాలలో కొన్నేళ్ళు పనిచేసి తిరిగివచ్చిన కార్మికుడు సైతం కుటుంబ అవసరాల కోసం కారు సమకూర్చుకోవాలని ఆశిస్తున్నారు. కొత్త కారు ధర అందుబాటులో లేనివారు సహజంగానే పాత కారు వైపు మొగ్గు చూపుతారు. ఉప్పలగుప్తం వంటి మండలాలలో ఈ కొనుగోలు తెలిసినవారి ద్వారా, నేరుగా యజమానితోనే జరగడం పరిపాటి. మధ్యవర్తి కమీషను ఉండదు కాబట్టి ధర కొంత తగ్గుతుంది. అయితే వ్యాపారి ఇచ్చే వారంటీగాని, వ్యాపారిపై ఉండే జవాబుదారీగాని ఇక్కడ ఉండవు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో చేతులు మారే ఈ లావాదేవీలో చట్టం కొనుగోలుదారునికి ఎంతవరకు అండగా నిలుస్తుంది, ఏ విషయాలను అతని జాగ్రత్తకే విడిచిపెడుతుంది అన్నది ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

హక్కుకు హామీ ఉంది, నాణ్యతకు లేదు

పాత కారు అమ్మకానికి కూడా 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తిస్తుంది. విక్రేతకు ఆ కారును అమ్మే హక్కు ఉండి తీరాలన్నది ఈ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం ప్రతి అమ్మకంలోనూ అంతర్లీనంగా ఉండే షరతు. కాగితం మీద వ్రాసుకోకపోయినా ఈ షరతు వర్తిస్తుంది. కారు దొంగసొత్తు అని తేలితే అసలు యజమానికే అది చెందుతుంది. కొన్నవారు తాము చెల్లించిన సొమ్మును అమ్మినవారి నుంచి రాబట్టుకోవలసి ఉంటుంది.

నాణ్యత విషయం ఇందుకు భిన్నమైనది. చూసి కొనుక్కోవలసిన బాధ్యత కొనుగోలుదారునిదే అన్న సూత్రాన్ని అదే చట్టంలోని 16వ సెక్షన్ పాటిస్తుంది. వాహనాల వ్యాపారం చేసేవారి విషయంలో దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తన సొంత కారును అమ్ముకునే సామాన్య వ్యక్తి విషయంలో ఆ మినహాయింపులు సాధారణంగా అక్కరకు రావు. నెల తిరగకముందే ఇంజిన్ మొరాయించినంత మాత్రాన సొమ్ము వాపసు కోరే హక్కు దానంతట అది పుట్టదు.

అడిగి వ్రాయించుకోవాలి

అయితే విక్రేత చెప్పిన అబద్ధానికి చట్టంలో మినహాయింపు లేదు. మోసపూరితంగా గాని, తప్పుడు సమాచారంతో గాని పొందిన సమ్మతిపై ఆధారపడిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కును 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 19వ సెక్షన్ కల్పిస్తున్నది. ఇక్కడ రెండు అంశాలను గమనించాలి. మొదటిది, విక్రేత మౌనంగా ఉండడం సాధారణంగా మోసం క్రిందకు రాదు. రెండవది, విక్రేత మౌనం వహించినా, పొరపాటు సమాచారం ఇచ్చినా, సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు కొనుగోలుదారునికి ఉండి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు దక్కదు.

కావున అడగడం, ఆ జవాబును వ్రాయించుకోవడం ముఖ్యం. కారు ఎన్నడైనా ప్రమాదానికి గురైనదా, నీట మునిగినదా, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, అప్పు ఏమైనా ఉన్నదా అన్న ప్రశ్నలకు విక్రేత ఇచ్చిన జవాబులను అమ్మకపు ఒప్పంద పత్రంలో చేర్చి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవడం మేలు. ఒప్పందంలో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, కారు అప్పగించిన తేదీతోపాటు సమయాన్ని కూడా పేర్కొనాలి. సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లిస్తే ఋజువు మిగులుతుంది. ఒకే లావాదేవీలో 2 లక్షల రూపాయలు గాని, అంతకు మించి గాని నగదు రూపంలో స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ 1 నుంచి నిషేధించిన సంగతి విదితమే.

సి-బుక్కులో ఏమి చూడాలి?

జనం వాడుకలో సి-బుక్కుగా పిలిచే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలను ఎం-పరివాహన్ యాప్‌లోని వివరాలతోను, కారు మీద చెక్కి ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లతోను సరిపోల్చుకోవాలి. చలాన్ల బకాయిలను ఈ-చలాన్ పోర్టల్‌లో పరిశీలించవచ్చు. కారు చోరీకి గురైనట్లు పోలీసు రికార్డులలో నమోదై ఉన్నదా అన్నది జాతీయ నేర గణాంకాల సంస్థ నిర్వహించే వాహన్ సమన్వయ్ సేవ ద్వారా తెలుసుకోవచ్చు.

సర్టిఫికెట్‌లో హైపోథికేషన్ అని ఉంటే బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ అప్పు ఇంకా నమోదై ఉన్నట్లే. ఆ సంస్థ లిఖితపూర్వక సమ్మతి లేనిదే పేరు మార్పు నమోదు కాదని మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ చెబుతున్నది. అప్పు తీరిపోయిందని విక్రేత నోటిమాటగా చెబితే సరిపోదు. సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చూపించాలి.

గల్ఫ్‌లో ఉన్న వ్యక్తి పేరిట గల కారును ఇక్కడి బంధువులు అమ్మజూపే సందర్భాలలో యజమాని ఇచ్చిన అధికార పత్రాన్ని క్షుణ్ణంగా పరిశీలించాలి. యజమానితో నేరుగా మాట్లాడి నిర్ధారించుకోవాలి. యజమాని మరణించి ఉంటే, వారసులు ఆ సంగతిని 30 రోజుల లోపు రవాణా శాఖకు తెలియజేసి, 3 నెలల లోపు ఫారం 31 ద్వారా తమ పేరిట మార్పు కోరవలసి ఉంటుంది. ముందుగా వారసుని పేరిట మార్పు జరిగిన తరువాతనే అటువంటి కారును కొనడం శ్రేయస్కరం.

ఏపీ నంబరైనా, యానాం నంబరైనా

నంబరు ప్లేటును బట్టి కారు పుట్టుపూర్వోత్తరాలు తెలిసే రోజులు పోయాయి. పూర్వం ఏపీ 05 అంటే తూర్పు గోదావరి జిల్లా బండి అని ఇట్టే చెప్పగలిగేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్‌గా ఏపీ 39 వచ్చిన తరువాత కొత్త వాహనాల విషయంలో ఆ గుర్తింపు లేకుండా పోయింది. మరోవైపు, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోక ముందు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలో రిజిస్టరైన ఏపీ 09, ఏపీ 28 వంటి నంబర్ల కార్లు నేడు తెలంగాణ పరిధిలోనివి. నంబరులో ఏపీ ఉన్నప్పటికీ ఇవి ఇతర రాష్ట్ర వాహనాలే.

కోనసీమ వాసులకు మరో మెలిక కూడా ఉంది. గౌతమీ పాయపై ఎదుర్లంక వారధి దాటితే వచ్చే యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది. అక్కడి పీవై నంబరు గల కారు ఎంత చేరువలో దొరికినా ఇతర ప్రాంతపు వాహనమే అవుతుంది. ఇటువంటి కార్లకు అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ పొందాలి. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. మన రాష్ట్రపు జీవితకాల పన్ను భారం ఎంత పడుతుందో ముందే లెక్క చూసుకోవాలి. లేనిచో తక్కువ ధరకు దొరికిందన్న సంతోషం పన్ను చెల్లింపుతోనే ఆవిరి కాగలదు.

నీరు, ఉప్పు

2022 జూలైలో గోదావరి వరదలకు కోనసీమ లంక గ్రామాలు జలమయమైన సంగతి, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో వేలాది వాహనాలు మునిగిన సంగతి తెలిసిందే. మునిగిన కారును పైపైన శుభ్రపరిచి అమ్మితే కంటికి తేడా కనిపించదు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడడం, మ్యాటు క్రింద, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంటలో బురద ఆనవాళ్ళు, ముక్కవాసన ఉన్నాయేమో పరిశీలించడం అవసరం. సముద్రతీరంలోను, ఉప్పునీటి చెరువుల గట్లపైన తిరిగిన కారుకు అడుగుభాగం త్వరగా తుప్పు పడుతుంది. కారును లిఫ్టుపై ఎత్తించి, విక్రేతతో సంబంధం లేని మెకానిక్ చేత చూపించుకోవాలి. మీటరులోని కిలోమీటర్లను సర్వీసు రికార్డులతో పోల్చుకోవాలి. ఈ పరీక్షలు చేయించినట్లు ఆధారం ఉంటే, తాను శ్రద్ధ వహించినట్లు కొనుగోలుదారుడు రేపు కోర్టులో చూపగలుగుతాడు.

14 రోజులు, 30 రోజులు

పాత కారు లావాదేవీలలో అధిక భాగం చిక్కులకు పేరు మార్పు జరగకపోవడమే మూలం. సంతకం చేసిన ఖాళీ ఫారాలు తీసుకుని, తరువాత చూద్దాంలే అని బీరువాలో దాచుకునే అలవాటు ఇరువురికీ ముప్పు తెస్తుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకాన్ని విక్రేత 14 రోజుల లోపు ఫారం 29 ద్వారా తెలియజేయాలి. కొనుగోలుదారుడు 30 రోజుల లోపు ఫారం 30 ద్వారా దరఖాస్తు చేయాలి. ఉప్పలగుప్తం వాసులకు ఇందుకు అమలాపురంలోని రవాణా శాఖ కార్యాలయం అందుబాటులో ఉన్నది.

పేరు మారకుండానే పలు చేతులు మారిన కారు ప్రమాదానికి కారణమైన కేసులో, రికార్డులలో యజమానిగా ఉన్న వ్యక్తే నష్టపరిహారానికి బాధ్యుడని నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారు అమ్మి ఏళ్ళు గడిచినా విక్రేతకు బాధ్యత తప్పదని ఈ తీర్పు తెలియజేస్తున్నది. అందుచేత పేరు మార్పు విక్రేతకు కూడా మేలు చేసేదే. ఈ సంగతి వివరించి కొనుగోలుదారుడు అతని సహకారాన్ని కోరవచ్చు. ధరలో కొంత మొత్తాన్ని పేరు మార్పు పూర్తయిన తరువాత చెల్లించేలా ఒప్పందంలోనే వ్రాసుకోవడం మంచి పద్ధతి.

బీమా సంగతి

కారు చేతులు మారినప్పుడు బీమా కూడా మారినట్లే భావించాలని 157వ సెక్షన్ చెబుతున్నది. అయితే ఈ వెసులుబాటు ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే వర్తిస్తుందని, సొంత కారుకు కలిగే నష్టానికి వర్తించదని కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కావున కొన్న 14 రోజుల లోపు బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీని తన పేరిట మార్పించుకోవాలి. అంతకాలం క్లెయిము చేయనందుకు లభించిన నో క్లెయిమ్ బోనస్ పాత యజమానికి చెందినదే గాని కారుతో పాటు రాదు. ఆ మేరకు తేడా సొమ్మును చెల్లించవలసి ఉంటుంది.

మోసపోయినచో

విక్రేత నేరుగా అమ్మిన వ్యక్తి అయితే లీగల్ నోటీసు ఇచ్చి, సాధారణంగా 3 సంవత్సరాల లోపు సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు. కార్ల వ్యాపారం చేసేవారి వద్ద కొన్నట్లయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద 2 సంవత్సరాల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ అధికార పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నందున, మధ్యలో డీలరు ఉన్నచో ఆ పత్రాన్ని చూపమని అడగాలి.

నకిలీ పత్రాలు, దొంగ కారు వంటి వ్యవహారాలలో పోలీసులకు ఫిర్యాదు చేయాలి. మోసగించి సొమ్ము కాజేసిన వారికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ క్రింద 7 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. దొంగసొత్తు అని నమ్మడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో స్వీకరించిన వారిని 317వ సెక్షన్ శిక్షార్హులను చేస్తున్నది. మార్కెట్ ధరలో సగానికే కారు దొరుకుతున్నదంటే సంతోషించే ముందు సందేహించడం వివేకం. న్యాయవాదిని నియమించుకునే స్తోమత లేని అర్హులు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 ద్వారా ఉచిత సహాయం కోరవచ్చు.

కారు ఇంటి ముంగిట నిలిచిన తరువాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. దరఖాస్తు చేసిన కొద్ది రోజులకు పరివాహన్ పోర్టల్‌లో తన పేరు యజమానిగా నమోదైనదీ లేనిదీ స్వయంగా చూసుకోవాలి. ఆ నమోదు కనిపించే వరకు మిగిలిన సొమ్ము చెల్లించకుండా, ఒప్పంద పత్రాన్ని భద్రపరచుకోవాలి.