ముప్పయి రోజుల తిండి

పిల్లలూ!

అమలాపురం పక్కనే ఉన్న మా బండారులంక నేతచీరలకు పేరుపొందిన ఊరని మీలో కొందరు వినే ఉంటారు. సాయంకాలం వీధిలో నడిస్తే ఇప్పటికీ కొన్ని ఇళ్లలోనుంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. సరిగా ఆ వేళకే పిల్లలు బడినుంచి ఇళ్లకు వస్తారు. ఆ వేళకే వీధి మొగలోకి నూడుల్సు బండి కూడా వస్తుంది.

నేను బడిలో చాలాకాలం పనిచేసి విరమించుకున్నవాణ్ణి. సాయంకాలాలు కొందరు పిల్లలు లెక్కలు చెప్పించుకోవటానికి మా అరుగుమీదికి వస్తారు. ఒకనాడు నేను లెక్కలు మాని, వాళ్లకు ఒక సినిమా చూపించాను. అది కట్టుకథ కాదు. జరిగినదాన్ని జరిగినట్టు చూపే డాక్యుమెంటరీ. దాని పేరు ‘సూపర్ సైజ్ మీ’. 2004లో అమెరికాలో విడుదలయింది.

దాన్ని తీసిన మోర్గన్ స్పర్లాక్ తన శరీరంమీదనే ఒక ప్రయోగం చేసుకున్నాడు. 30 రోజులపాటు మూడుపూటలా మెక్‌డొనాల్డ్స్ దుకాణాలలో దొరికేదే తినాలి, తాగాలి. అక్కడివాళ్లు ‘అన్నిటికన్న పెద్ద పొట్లం ఇమ్మంటారా?’ అని అడిగితే కాదనకూడదు. నడక తగ్గించాలి. ఇవీ అతను పెట్టుకున్న నియమాలు. వైద్యులు అతన్ని మొదటినుంచి చివరిదాకా పరీక్షిస్తూ వచ్చారు. నెల తిరిగేసరికి అతను 11 కిలోల బరువు పెరిగాడు. రక్తంలో కొలెస్టరాల్ అనే కొవ్వు కూడా పెరిగింది. 30 రోజులలో పెరిగిన ఆ బరువంతా తగ్గటానికి ఏడాది పైనే పట్టింది!

సినిమా అయిపోగానే ఆరో తరగతి కుర్రవాడొకడు లేచి నిలబడి, “మాస్టారూ! ఇక జన్మలో నూడుల్సు ముట్టను!” అన్నాడు. తక్కిన పిల్లలూ అలాగే ఒట్టు పెట్టుకున్నారు. నాకు చాలా సంతోషమయింది.

నాలుగోనాడు నేను కూరలకని వెళ్తుంటే ఆ కుర్రవాడే బండి చాటున నిలబడి నూడుల్సు తింటున్నాడు. నన్ను చూసి పళ్లెం వెనక్కు దాచాడు.

“ఏరా, నీ ఒట్టు ఏమయింది?” అన్నాను.

వాడు తల వంచుకుని, “ఆకలేసింది మాస్టారూ. అమ్మా నాన్నా మగ్గం పనిలో ఉన్నారు. పొయ్యి మళ్లీ రాత్రికిగాని వెలిగించరు. అమ్మే డబ్బులిచ్చింది,” అన్నాడు.

తప్పు వాడిది కాదు, నాదే అనిపించింది. ఏది తినకూడదో చూపి భయపెట్టానుగాని, ఆకలైనప్పుడు ఏది తినాలో చెప్పలేదు. భయం నాలుగు రోజులుంటుంది. ఆకలి రోజూ వేస్తుంది.

మర్నాడు పిల్లలనందరినీ కూర్చోబెట్టి, “ఆ సినిమా గురించి మీకు చెప్పని సంగతి ఒకటుంది,” అన్నాను. స్పర్లాక్ ఎన్నో ఏళ్లుగా తనకు మద్యం అలవాటున్నదని 2017లో తానే బయటపెట్టాడు. సినిమా చూసినవారికి ఆ సంగతి తెలియదు. అందువల్ల అతని ఒంట్లో వచ్చిన మార్పులలో తిండివల్ల వచ్చినవేవో, మద్యంవల్ల వచ్చినవేవో తేల్చి చెప్పటం కష్టం. పైగా అది ఒక్క మనిషిమీద జరిగిన ప్రయోగం.

“అయితే ఆ సినిమా అబద్ధమా మాస్టారూ? నూడుల్సు తినవచ్చా?” అని ఒకడు ఆశగా అడిగాడు.

“ఉండరా! తొందరపడకు. తరవాత అంతకన్న జాగ్రత్తగా చేసిన ప్రయోగం ఒకటున్నది,” అన్నాను.

అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 20 మందిని నాలుగు వారాలపాటు ఆస్పత్రిలోనే ఉంచారు. రెండు వారాలు కర్మాగారాలలో తయారై పొట్లాలలో వచ్చే తిండి పెట్టారు. రెండు వారాలు మామూలు కూరలు, పళ్లు, గింజలతో వండిన తిండి పెట్టారు. ఈ రెండు రకాల భోజనాలలోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సరిసమానంగా ఉండేటట్టు చూశారు. “మీకు ఎంత కావాలంటే అంత తినండి, అక్కరలేకపోతే వదిలెయ్యండి,” అన్నారు.

ఏం జరిగిందో తెలుసా? పొట్లాల తిండి తిన్న రోజులలో వారు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కాలరీలు ఎక్కువ తిన్నారు. కాలరీ అంటే తిండిలోని శక్తికి కొలత. 500 కాలరీలంటే ఎనిమిది, పది ఇడ్లీలు అదనంగా తిన్నట్టు! ఆ రెండు వారాలలో వారు సగటున 0.9 కిలో పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాలలో అంతే బరువు తగ్గారు. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

పొట్లాల తిండిని వాళ్లు గబగబా తినేశారని కూడా ఆ ప్రయోగంలో తేలింది. అది మెత్తగా ఉంటుంది, ఎక్కువ నమలనక్కరలేదు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరటానికి కొంతసేపు పడుతుంది. ఆ కబురు చేరేలోపలే కావలసినదానికన్న ఎక్కువ తినేస్తాం.

బండిమీది నూడుల్సులో పీచు దాదాపు లేని మైదా, దానిపైన నూనె, ఉప్పగా ఉండే సాసులు ఉంటాయి. పళ్లెం ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో మీరే గమనించండి!

ఆ రోజు మేము మరొక లెక్క కూడా చేశాం. చాలా కోలా పానీయాలలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములకు పైమాటే. చిన్న చెంచాకు 4 గ్రాముల చొప్పున ఆరు చెంచాలు! రోజు మొత్తంమీద కలిపే చక్కెర పెద్దవారికైనా సుమారు 25 గ్రాములకు మించకపోతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ లెక్కంతా ఒక్క సీసాతో సరి. మన లేతకొబ్బరి నీళ్లలో చక్కెర అంతకంటె చాలా తక్కువ.

అలా అని ఇంటిదంతా మంచిదీ, బజారుదంతా చెడ్డదీ అనుకోకండి. మన ఊరగాయలలో ఉప్పు ఎక్కువే. మన ఆత్రేయపురం పూతరేకులలో తీపి ఎక్కువే. అవి పండగకూ, సరదాకూ గాని రోజూ కడుపు నింపుకోవటానికి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో కూడా ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన తిండినీ, కర్మాగారపు తిండినీ తగ్గించమనే చెప్పింది.

ఇక తల్లిదండ్రులకు ఒక్కమాట. మీ పిల్లవాడు బండి దగ్గరకు వెళ్లేది రుచికోసమే కాదు, ఇంట్లో ఆ వేళకు ఏమీ లేకకూడా కావచ్చు. పనిమధ్యలో లేచి వండమని నేననను. పనసాకు బుట్టలలో ఉడికించిన పొట్టిక్కలు పొద్దున్నే రెండు తీసి ఉంచండి. లేదా గుప్పెడు పెసలు నానబెట్టి ఉంచండి. గెలనుంచి రెండు అరటిపళ్లు అందేచోట పెట్టండి. చలికాలంలో తేగలు, ఎండాకాలంలో ముంజెలు ఉండనే ఉన్నాయి. వీటిలో కొన్ని గబగబా మింగటానికి వీలుకావు. తేగ తినేవాడు నమలక తప్పదు కదా!

ఆ కుర్రవాడి తల్లి ఇప్పుడు అలాగే చేస్తున్నది. వాడు నూడుల్సు పూర్తిగా మానలేదు. ఎప్పుడో ఒకనాడు తింటాడు. కాని నన్ను చూసి పళ్లెం దాచుకోడు. “మాస్టారూ, ఈ నెలలో ఇది రెండోసారే!” అని తనే లెక్క చెబుతాడు.

పిల్లలూ! మీరూ ఒక పుస్తకంలో వారంరోజులపాటు సాయంకాలం ఏం తిన్నారో, ఎంతసేపట్లో తిన్నారో, మళ్లీ ఎప్పుడు ఆకలేసిందో రాసుకోండి. ఒట్టు పెట్టుకోనక్కరలేదు. వారం తరవాత ఆ పుస్తకం అమ్మకూ నాన్నకూ చూపించి, రేపటి సాయంకాలానికి ఏం ఉంచాలో ముగ్గురూ కలిసి నిర్ణయించుకోండి.