పరాయి ఊళ్ళో ఆట, మన ఇంట్లో రేడియో



వేసవి వచ్చిందంటే ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర, మంగలి షాపులో, చివరికి పిల్లల డాక్టరు దగ్గర కూడా ఒకే మాట వినిపిస్తుంది: "నిన్న రాత్రి ఆట విన్నావా?" అని. మనవాళ్ళు చాలామంది నవ్వేసి తప్పించుకుంటారు. క్రికెట్ ఎరిగిన వాళ్ళకి బేస్‌బాల్ చూస్తే ముందు విసుగు పుడుతుంది, ఆ తర్వాత ఆశ్చర్యం. ఏడాదికి 162 ఆటలు ఆడే టీమ్, జులై నెలలో ఏదో మంగళవారం రాత్రి ఎక్కడో ఇంకో ఊళ్ళో ఆడుతుంటే, ఈ పెద్దమనుషులు నిద్ర మానుకుని ఎందుకు వింటారు? ఒక ఆట పోతే ఏం మునిగిపోయింది?

ఈ ప్రశ్న నాకూ ఉండేది. ఇవాళ దానికే జవాబు చెబుతాను. ఆటలోని నియమాలన్నీ ఏకరువు పెట్టను. సీజన్ మధ్యలో వచ్చే "రోడ్ గేమ్", అంటే మన టీమ్ అవతలివాళ్ళ ఊళ్ళో ఆడే ఆట, దాన్ని అభిమానులు ఎలా వెంబడిస్తారు, ఎందుకు వెంబడిస్తారు, అంతవరకే. ఉదాహరణకి పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్‌ని తీసుకుంటాను. అది నేను ఎమ్మెస్ చదివిన ఊరు. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి వల్ల మీలో చాలామందికి ఆ ఊరు తెలిసే ఉంటుంది. 2008లో రింకూ సింగ్, దినేష్ పటేల్ అని ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళతో ఒప్పందం రాసుకున్న టీమ్ కూడా ఇదే.

ముందు లెక్క చూద్దాం. మేజర్ లీగ్‌లో 30 టీములు. ఒక్కో టీముకి 162 ఆటలు, అందులో 81 సొంత ఊళ్ళో, 81 బయట. మార్చి ఆఖర్నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా దాదాపు రోజూ ఆటే. బయట ఆడేటప్పుడు ఒక ఊళ్ళో మూడో నాలుగో ఆటలు, రాత్రికి రాత్రి విమానం ఎక్కి ఇంకో ఊరు, అక్కడ మళ్ళీ మూడు. సోమవారం పొద్దున ఎయిర్‌పోర్టు, గురువారం రాత్రి ఇల్లు అని తిరిగే నాలాంటి కన్సల్టెంట్లకి ఈ బతుకు బాగా అర్థమవుతుంది. మనం కనీసం శని, ఆదివారాలు ఇంట్లో ఉంటాం. వాళ్ళకి అదీ లేదు.

ఇన్ని ఆటలున్నప్పుడు ఎంత గొప్ప టీమైనా చాలా ఓడిపోతుంది. 2001లో సియాటిల్ మారినర్స్ 116 ఆటలు గెలిచి రికార్డు సమం చేసింది. ఆ టీమ్ కూడా 46 ఓడిపోయింది. అందుకని ఒక్క ఓటమికి ఎవరూ గుండెలు బాదుకోరు. ఏప్రిల్‌లో గెలిచిన ఆటకి ఎంత విలువో సెప్టెంబరులో గెలిచినదానికీ అంతే విలువ. చిక్కల్లా ఏమిటంటే, ఏ ఆట చివరికి లెక్కలోకి వస్తుందో ఆడే రోజున ఎవరికీ తెలీదు.

ఇక రోడ్ గేమ్‌కి ఉన్న ప్రత్యేకత. క్రికెట్‌లో ఎవరు ముందు బ్యాటింగ్ చెయ్యాలో టాస్ చెబుతుంది. బేస్‌బాల్‌లో టాస్ లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళే ఎప్పుడూ ముందు కొడతారు, ఇంటివాళ్ళు తర్వాత. తొమ్మిది ఇన్నింగ్స్ అలాగే. స్కోర్లు సమమైతే పదో ఇన్నింగ్స్, పదకొండు, ఇలా ఎవరో ఒకరు గెలిచేదాకా. ప్రతిసారీ ఆఖరి మాట ఇంటివాళ్ళదే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లోగానీ ఆ తర్వాతగానీ ఇంటివాళ్ళు ఒక్క రన్ను ముందుకి వెళ్ళారంటే ఆట అక్కడికక్కడే సరి. దీన్ని "వాక్-ఆఫ్" అంటారు. బయటివాళ్ళు చేసేదేమీ ఉండదు, తలొంచుకుని డగౌట్‌లోకి నడవడమే.

దీనివల్ల ఒక తమాషా ఉంది. వచ్చిన టీమ్ ఎప్పుడూ "కొట్టి" ఆట ముగించలేదు. ఎన్ని రన్నులు చేసినా చివరి మూడు ఔట్లు తీసి, అంటే అవతలివాళ్ళని ఆపి, గెలవాలి. కాబట్టి రోడ్ గేమ్ వినే అభిమానికి ఆనందం నెమ్మదిగా, ఒక్కో ఔటూ లెక్కపెట్టుకుంటూ వస్తుంది. దుఃఖం మాత్రం ఒక్క క్షణంలో వచ్చి పడుతుంది. మొత్తం మీద ఇంటివాళ్ళు నూటికి సుమారు 54 ఆటలు గెలుస్తారు. చూడ్డానికి చిన్న తేడానే, కానీ 81 ఆటల మీద అది కనబడుతుంది.

మరి ఊళ్ళో లేని ఆటని వెంబడించడం ఎలా? దీనికి పిట్స్‌బర్గ్‌లో పెద్ద చరిత్రే ఉంది. మేజర్ లీగ్ ఆట మొదటిసారి రేడియోలో వినిపించింది అక్కడే. 1921 ఆగస్టు 5న, ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానం నుంచి, కేడీకేఏ స్టేషన్ ద్వారా. చెప్పినాయన హెరాల్డ్ ఆర్లిన్, వెస్టింగ్‌హౌస్‌లో పనిచేసే ఇంజనీరు. పైరేట్స్ ఫిలడెల్ఫియా మీద 8-5 తేడాతో గెలిచారు. అది సొంత ఊరి ఆట. బయటి ఊరి ఆట చెప్పాలంటే మనిషిని పంపాలి, ఖర్చు. అందుకని చాలా ఏళ్ళు ఒక ఉపాయం నడిచింది. మైదానంలో టెలిగ్రాఫ్ ఆపరేటరు ఒక్కో బంతి సంగతీ పొడి అక్షరాల్లో పంపేవాడు. ఇక్కడ స్టూడియోలో కూర్చున్న అనౌన్సరు ఆ నాలుగు అక్షరాలకీ ప్రాణం పోసి, తన కళ్ళ ముందే జరుగుతున్నట్టు చెప్పేవాడు. బ్యాటు చప్పుడుకి కర్రముక్క, జనం గోలకి గ్రామఫోను రికార్డు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ 1930ల్లో అయోవాలో చేసిన ఉద్యోగం ఇదే.

పైరేట్స్‌కి రోజీ రోస్‌వెల్ అని ఒక అనౌన్సరు ఉండేవాడు, 1936 నుంచి 1954 దాకా. తమవాళ్ళు హోమ్ రన్ కొడితే, మైదానం పక్కింట్లో ఉండే ఒక మిన్నీ అత్తయ్యని కిటికీ తెరవమని కేకేసేవాడు. ఆవిడ పాపం ఎప్పుడూ సమయానికి అందుకోలేదు. వెంటనే స్టూడియోలో పళ్ళెంనిండా ఇనప సామాను కింద పడేసేవాళ్ళు, అద్దం భళ్ళున పగిలినట్టు. ఆ అత్తయ్య అసలు లేదని ఊరందరికీ తెలుసు. అయినా రోజూ ఆవిడ కోసం వినేవాళ్ళు. విచిత్రమేమిటంటే 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అనౌన్సర్లని బయటి ఊళ్ళకి పంపలేదు. సొంత ఊరి ఖాళీ స్టేడియంలో కూర్చుని టీవీ తెరలు చూస్తూ చెప్పారు. వందేళ్ళ తర్వాత పాత పద్ధతే వేరే రూపంలో తిరిగొచ్చింది.

రేడియోలో వినేటప్పుడు చేతిలో ఒక పెన్సిలూ కాగితమూ ఉంటే ఆట పది రెట్లు అర్థమవుతుంది. ఇది నాకు నేర్పింది పిట్స్‌బర్గ్‌లో మా ఇంటి ఓనరు, స్టీలు మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. సాయంత్రం వాకిట్లో రేడియో పెట్టుకుని గళ్ళ పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. మొదట్లో చీటీల లెక్కలేమో అనుకున్నాను. అది స్కోరు పుస్తకం. పద్ధతి తేలికే. మైదానంలో ఒక్కో స్థానానికీ ఒక అంకె. పిచ్చరు 1, క్యాచరు 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, వెనకాల ఎడమనుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరి ఔట్ చేశాడా, 6-3 అని రాస్తే చాలు. మూడు స్ట్రైకులతో ఔటైతే "కె" అనే ఇంగ్లీషు అక్షరం. ఆట అయ్యాక ఆ కాగితం చూసి మూడు గంటల కథంతా మళ్ళీ చెప్పొచ్చు. ఆయన దగ్గర అలాంటి పుస్తకాలు అల్మారానిండా ఉండేవి.

5-2 అనే అంకెల్ని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దాని దగ్గరికే వస్తున్నాను.

2011 నాటికి పైరేట్స్ వరసగా 18 ఏళ్ళు గెలిచినవాటికంటే ఎక్కువ ఆటలు ఓడిపోతూ వచ్చారు. చివరి మంచి సంవత్సరం 1992. ఆ ఏడు అక్టోబరు 14న అట్లాంటాలో, వరల్డ్ సిరీస్‌కి వెళ్ళడానికి ఆఖరి ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అట్లాంటా ఆటగాడు సిడ్ బ్రీమ్ హోమ్ ప్లేట్ దగ్గర జారుతూ వచ్చి సేఫ్ అయ్యాడు. 3-2, వాక్-ఆఫ్. పైగా అతను అంతకుముందు పైరేట్స్ మనిషే. ఆ తర్వాత పుట్టిన పిల్లలు పెరిగి కాలేజీకి వెళ్ళిపోయారు గానీ టీమ్ కోలుకోలేదు.

అలాంటిది 2011 జులైలో ఎవరూ ఊహించనట్టు పైరేట్స్ తమ డివిజన్‌లో మొదటి స్థానానికి చేరుకున్నారు. ఊరంతా మళ్ళీ రేడియోలు పెట్టింది. జులై 26, మంగళవారం, ఆట అట్లాంటాలో. మూడు ఇన్నింగ్స్‌లు అయ్యేసరికి 3-3. ఆ తర్వాత ఎవరికీ ఒక్క రన్ను లేదు. తొమ్మిది, పన్నెండు, పదిహేను, పద్ధెనిమిది ఇన్నింగ్స్. అర్ధరాత్రి దాటింది. మేము వాకిట్లోంచి వంటింట్లోకి మారాం. పెద్దాయన గళ్ళు అయిపోయి, కాగితం తిప్పి వెనకాల గీతలు గీసుకున్నాడు.

పంతొమ్మిదో ఇన్నింగ్స్‌లో అట్లాంటాకి కొట్టడానికి మిగిలినవాడు స్కాట్ ప్రాక్టర్, పిచ్చరు. అతను కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ థర్డ్ బేస్‌లో ఉన్న పెడ్రో అల్వారెజ్ దగ్గరికి వచ్చింది. కొట్టిన ప్రాక్టర్ పరిగెత్తబోయి పడిపోయాడు కూడా. అల్వారెజ్ క్యాచర్ మైకేల్ మెక్‌కెన్రీకి విసిరాడు. 5-2. థర్డ్ బేస్ నుంచి వస్తున్న హూలియో లూగో ఇంకా చేరనేలేదు, బంతి ముందే వచ్చేసింది. మెక్‌కెన్రీ అతన్ని తాకాడు. పెద్దాయన పెన్సిలు గడి మీద పెట్టాడు కూడా. అంపైర్ జెర్రీ మీల్స్ చేతులు చాపి సేఫ్ అన్నాడు. ఆట అయిపోయింది. 4-3, 6 గంటల 39 నిమిషాలు.

అప్పట్లో వీడియో రీప్లే హోమ్ రన్ల విషయంలోనే ఉండేది. మర్నాడు ఆ నిర్ణయం పొరపాటులాగే కనిపిస్తోందని లీగ్ ఒప్పుకుంది, అంపైరు కూడా తాను తప్పు చేసి ఉండొచ్చన్నాడు. ఫలితం మాత్రం మారలేదు. రీప్లేని ఇలాంటి నిర్ణయాలన్నిటికీ విస్తరించింది 2014లో. ఇప్పుడైతే అంత పొడుగు ఆట కూడా అరుదే. 2020 నుంచి, మామూలు సీజన్ ఆటల్లో, పదో ఇన్నింగ్స్ మొదలుకుని సెకండ్ బేస్ మీద ఒక మనిషిని ముందే నిలబెట్టి ఆడిస్తున్నారు.

ఆ రాత్రి తర్వాత పైరేట్స్ జారిపోయారు. ఏడాది ముగిసేసరికి 72 గెలుపులు, 90 ఓటములు. ఒక్క అంపైరు మాటే ముంచేసిందంటే న్యాయం కాదు, అన్ని ఆటలు ఒకరి వల్ల పోవు. కానీ గెలిచిన అట్లాంటా సంగతి చూడండి. వాళ్ళు 89 ఆటలు గెలిచారు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 90 గెలిచి, ఒక్క ఆట తేడాతో వాళ్ళని ఇంటికి పంపించి, చివరికి వరల్డ్ సిరీసే కొట్టేశారు. అట్లాంటాకి జులై 26న దొరికిన ఆ గెలుపు కూడా చాలలేదు. ఏప్రిల్‌లోనో జూన్‌లోనో ఎవరూ పట్టించుకోని ఏ ఆట వాళ్ళకి తక్కువైందో ఎవరు చెప్పగలరు? జులై రాత్రి జనం నిద్ర మానుకుని వినేది ఇందుకే.

ఇంకో కారణమూ ఉంది. సొంత మైదానంలో ఆటకి టిక్కెట్టు కొనుక్కున్న కొన్ని వేలమందే వెళ్ళగలరు. బయటి ఊరి ఆట అందరికీ ఒకటే దూరం. బ్యాంకు ప్రెసిడెంటూ, బస్సు డ్రైవరూ, నిన్నగాక మొన్న దిగిన విద్యార్థీ అదే గొంతు వింటారు. ఆస్ట్రేలియాలో మనవాళ్ళు ఆడుతుంటే తెల్లవారుజామున అయిదింటికి దుప్పట్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని విన్నవాళ్ళం మనం. మన టీమ్ ఎక్కడో దూరాన ఉంటే ఎలా వినాలో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ చెవిని కాస్త ఇటు తిప్పడమే.

పిట్స్‌బర్గ్ కథలో మిగిలిన ముక్క చెప్పి ముగిస్తాను. ఓడిన సీజన్ల వరస 2012తో 20కి చేరింది. 2013లో తెగింది. ఆ ఏడాది 82వ గెలుపు, అంటే ఇక ఎట్లా చూసినా ఓటములకంటే గెలుపులే ఎక్కువ అని ఖాయం చేసినది, సెప్టెంబరు 9న టెక్సస్‌లో వచ్చింది. అదీ రోడ్ గేమే. స్కోరు 1-0. ఆ ఒక్క రన్నూ తెచ్చినవాడు పెడ్రో అల్వారెజ్, అట్లాంటాలో బంతి విసిరిన కుర్రాడే. నేనప్పటికి ఉద్యోగం మీద వేరే ఊళ్ళో హోటల్లో ఉన్నాను. పెద్దాయనకి ఫోన్ చేస్తే, "ఆగు, ఇంకో ఔట్ ఉంది" అని పెట్టేశాడు.

మీ ఊరి టీమ్ ఈ వారం ఎక్కడ ఆడుతోందో చూడండి. పడమటి తీరంలో సాయంత్రం ఏడింటికి మొదలైతే మన తూర్పు వాళ్ళకి రాత్రి పదవుతుంది. పిల్లలు పడుకున్నాక అంట్లు తోముకుంటూ వినొచ్చు. ఒక కాగితం మీద తొమ్మిది గళ్ళు గీసుకోండి. రెండు మూడు రాత్రుల్లో పేర్లు, గొంతులు అలవాటవుతాయి. కాఫీ మిషన్ దగ్గర ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే నవ్వి తప్పించుకోనక్కర్లేదు.